ఎల్‌కేజీకి పేరు పెట్టిన మాస్టారు



మీ పాపనో బాబునో మొదటిసారి స్కూల్లో చేర్చినప్పుడు నింపిన అప్లికేషన్ ఫారం గుర్తుందా? క్లాసు అని ఉన్నచోట ఎల్‌కేజీ అనో యూకేజీ అనో రాసి ఉంటారు. ఆ తర్వాత ఫీజు రసీదు మీద, ఐడీ కార్డు మీద, పుస్తకాల అట్టల మీద అదే పేరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. లోయర్ కిండర్‌గార్టెన్, అప్పర్ కిండర్‌గార్టెన్ అని వాటి పూర్తి పేర్లు. లోయర్, అప్పర్ ఇంగ్లిష్ మాటలే. కిండర్‌గార్టెన్ మాత్రం జర్మన్ మాట. కిండర్ అంటే పిల్లలు. గార్టెన్ అంటే తోట. అంటే మీరు మీ బిడ్డను చేర్చింది పిల్లల తోటలో అన్నమాట.

ఈ పేరు పెట్టింది ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే మాస్టారు. బీఈడీ చదివిన మాలాంటి వాళ్లందరం ఆయన మీద పరీక్షలో ఒక జవాబు రాసే ఉంటాం. ఆ జవాబులో ఆయన సిద్ధాంతాలు వరుసగా ఉంటాయి. ఆయన జీవితం మాత్రం ఉండదు. అమ్మ ఒడి తెలియకుండా పెరిగిన పిల్లవాడు పెద్దయ్యాక పసిపిల్లల బడిలోకి కాగితం మడతలను, పాటను, మొక్కను ఎలా తెచ్చాడో, దానికి ఎంత మూల్యం చెల్లించాడో ఈ నెల మీతో పంచుకోవాలనిపించింది.

అమ్మ లేని ఇల్లు

జర్మనీలోని తురింగియా కొండలు, అడవుల ప్రాంతం. అక్కడ ఒబర్‌వైస్‌బాఖ్ అనే ఊళ్లో 1782 ఏప్రిల్ 21న ఫ్రోబెల్ పుట్టారు. తండ్రి చర్చి పాస్టర్. ఇంట్లో ఉన్నా ఆయనకు ఊరి పనే. ఫ్రోబెల్‌కు 9 నెలలు నిండేసరికి తల్లి చనిపోయింది. పనివాళ్ల చేతుల్లో, అన్నల చేతుల్లో పెరిగాడు.

కొన్నేళ్లకు తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. వచ్చిన పిన్ని మొదట్లో పిల్లవాణ్ని ప్రేమగానే చూసింది. తనకు కొడుకు పుట్టాక మారిపోయింది. జర్మన్ భాషలో మన ‘నువ్వు’ లాంటి దగ్గరితనం ఉన్న పిలుపు ఒకటి ఉంది. ఆమె ఆ పిలుపు మానేసి, ఎవరో పరాయి మనిషితో మాట్లాడినట్టు ‘అతను’ అని మాట్లాడటం మొదలుపెట్టింది. ఇంట్లో అందరి ముందూ, ఆ చిన్నపిల్లవాడితోనే. నలభై దాటాక తన జీవితం గురించి రాసుకున్న లేఖలో కూడా ఫ్రోబెల్ ఈ సంగతి మరిచిపోలేదు. పెద్దవాళ్లు ఎలా పిలిచారన్నది పిల్లల మనసులో ఎన్నేళ్లు ఉండిపోతుందో చూడండి.

తండ్రి అతన్ని ఊళ్లోని ఆడపిల్లల బడిలో వేశారు. ఆడుకోవడానికి ఈడు మగపిల్లలు లేరు. ఇంటి వెనక తోట, దాని చుట్టూ కొండ, పైన ఆకాశం, ఇవే తోడు. తండ్రికి తోటపనిలో సాయం చేసేవాడు. పువ్వులను గంటల తరబడి చూసేవాడు.

పదేళ్ల వయసులో అదృష్టం కలిసొచ్చింది. చనిపోయిన తల్లి అన్నగారు, అంటే మేనమామ, వచ్చి మేనల్లుడి పరిస్థితి చూసి తనతో ష్టాట్‌ఇల్మ్ అనే ఊరికి తీసుకెళ్లారు. అక్కడ మగపిల్లల బడి, ఆటస్థలం, ఆప్యాయంగా మాట్లాడే మామయ్య. కానీ అంతవరకూ ఆడుకోవడమే తెలియని ఆ పిల్లవాడికి మొదట్లో తోటి పిల్లలతో సమానంగా పరిగెత్తే బలం కూడా లేకపోయింది. ఆట కూడా నేర్చుకోవాల్సిన విషయమేనని, దానికీ ఒక వయసు ఉంటుందని ఆయన పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. తన ఒంటి మీదే తెలుసుకున్నారు.

అడవి, అప్పు, ఆపై బడి

అన్నలను యూనివర్సిటీలో చదివించే ఖర్చు ఇంట్లో అప్పటికే ఉంది. ఇతనికి అంత చదువు అక్కర్లేదని పెద్దలు తేల్చేశారు. 15 ఏళ్ల వయసులో, 1797లో, ఒక అటవీ అధికారి దగ్గర పని నేర్చుకోవడానికి పంపారు. ఆ అధికారికి పని బాగా తెలుసు, నేర్పడం తెలియదు. దాంతో కుర్రవాడు ఆయన పుస్తకాలు తనే చదువుకున్నాడు. ఆకులు, గింజలు సేకరించాడు. రేఖాగణితం సొంతంగా నేర్చుకున్నాడు. రెండేళ్లు చెట్ల మధ్యే గడిచాయి. ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తుందో, ఏ మొక్కకు ఎంత నీడ కావాలో దగ్గరగా చూశాడు.

ఆ తర్వాత ఎలాగో యేనా యూనివర్సిటీలో చేరాడు. భోజనం బాకీ తీర్చలేక, యూనివర్సిటీ వాళ్ల జైలు గదిలోనే 9 వారాలు ఉండాల్సి వచ్చింది. చదువు ఆగిపోయింది. గుమాస్తా పని, భూమి సర్వే పని, ఎస్టేట్ లెక్కల పని, ఇలా ఒక్కో ఉద్యోగం మారుతూ 23 ఏళ్లకు ఫ్రాంక్‌ఫర్ట్ చేరారు. ఇళ్ల నిర్మాణం చదవాలని ఆయన ఆలోచన. అక్కడ ఒక స్కూలు హెడ్‌మాస్టరు గ్రూనర్ ఈయనతో మాట్లాడి, నీది టీచరు మనస్తత్వమని చెప్పి ఉద్యోగం ఇచ్చారు. 1805లో మొదటిసారి క్లాసులోకి అడుగుపెట్టారు. ఎదురుగా 30, 40 మంది అబ్బాయిలు. నీళ్లలో పడ్డ చేపలా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వెతుకుతున్నది ఇదేనని అన్నకు ఉత్తరం రాశారు.

అప్పట్లో యూరప్ అంతా పేరు మోగుతున్న పెస్టాలజీ అనే గురువు స్విట్జర్లాండ్‌లోని ఇవెర్డోన్‌లో బడి నడిపేవారు. బట్టీ పట్టించకుండా వస్తువు చూపించి పాఠం చెప్పడం ఆయన పద్ధతి. ఫ్రోబెల్ 1808 నుంచి 1810 వరకు అక్కడ ఉండి నేర్చుకున్నారు. తర్వాత గ్యోటింగెన్‌లో, బెర్లిన్‌లో సైన్సు చదివారు. 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్లారు. తిరిగొచ్చి బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో పనిచేశారు. అక్కడ రోజూ స్ఫటికాలే పని. రాయి కూడా తనలో ఉన్న ఒక క్రమం ప్రకారం లోపలి నుంచి పెరుగుతుందని ఆయన గమనించారు. చెట్టూ అంతే, బిడ్డా అంతే అని ఆయన నమ్మకం బలపడింది.

మ్యూజియం ఉద్యోగం నిలకడైనది. జ్వరంతో చనిపోయిన అన్న పిల్లలకు చదువు చెప్పాల్సిన అవసరం వచ్చేసరికి ఫ్రోబెల్ దాన్ని వదులుకున్నారు. 1816లో ఐదుగురు అన్న కొడుకులతో ఒక చిన్న బడి మొదలైంది. మరుసటి ఏడాది కైల్‌హావ్ అనే పల్లెకు మారింది. ఆ ఐదుగురిలో ఒకరి పేరు కార్ల్. ఈ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది. యుద్ధంలో స్నేహితులైన మిడెన్‌డార్ఫ్, లాంగెథాల్ అనే ఇద్దరు ఆ బడికి వచ్చి తోడు నిలిచారు. డబ్బుకు ఎప్పుడూ కటకటే. ఒక దశలో పిల్లలు 50 మందికి పైగా ఉన్నారు. ఈ బడిలో రాజకీయ భావాలు నూరిపోస్తున్నారన్న అనుమానం ప్రచారమయ్యాక కొన్నేళ్లలోనే ఆ సంఖ్య చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతకు పడిపోయింది.

55 ఏళ్లకు అసలు పని

1831లో ఫ్రోబెల్ మళ్లీ స్విట్జర్లాండ్ వెళ్లారు. బుర్గ్‌డార్ఫ్‌లో అనాథాశ్రమం నడిపే బాధ్యత వచ్చింది. అక్కడ బడి వయసు రాని చిన్నపిల్లలూ ఉండేవారు. వాళ్లను చూస్తున్నప్పుడు ఆయనకు ఒక విషయం స్పష్టమైంది. ఆరేడేళ్లకు బడికి వచ్చే పిల్లల్లో కనిపించే లోటు బడిలో మొదలైంది కాదు. అంతకుముందు మూడు, నాలుగేళ్లలోనే మొదలవుతోంది. ఆ వయసు పిల్లల గురించి ఎవరూ పట్టించుకోవడం లేదు. ఇంట్లో పెద్దలకు పని, బడికి ఇంకా టైం ఉంది. మధ్యలో పిల్ల ఒంటరి. ఒబర్‌వైస్‌బాఖ్ తోటలో తానున్నట్టే.

1837లో, 55 ఏళ్ల వయసులో, బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊరికి వచ్చి పసిపిల్లల కోసం ఆటవస్తువులు తయారు చేయడం మొదలుపెట్టారు. వాటిని ఆయన బహుమతులు అన్నారు. మొదటి బహుమతి రంగురంగుల ఊలు బంతులు ఆరు. రెండోది చెక్కతో చేసిన గోళం, ఘనం, స్తూపం. మూడోది చెక్క ఘనమే కానీ 8 చిన్న ఘనాలుగా విడిపోతుంది. మళ్లీ కలిపితే ఒకటవుతుంది. మీ ఇంట్లో ఉన్న బిల్డింగ్ బ్లాక్స్ డబ్బాకు ముత్తాత అదేనన్నమాట.

తను నడుపుతున్న దానికి సరైన పేరు దొరక్క చాలాకాలం వెతికారు. బడి అనడం ఇష్టం లేదు, ఎందుకంటే అక్కడ పాఠాలు లేవు. పిల్లలను చూసుకునే చోటు అన్నా సరిపోదు. స్నేహితులతో కలిసి కొండదారిలో బ్లాంకెన్‌బర్గ్‌కు నడిచి వస్తుండగా ఆ పేరు తట్టింది, పిల్లల తోట అని. 1840 జూన్ 28న ఆ పేరుతోనే సంస్థ మొదలైంది. దానికి ఏడాది ముందే ఆయన భార్య హెన్రియెట్ చనిపోయారు. వాళ్లకు పిల్లలు లేరు.

మొక్కై వంగనిది మానై వంగునా అని మన ఇళ్లల్లో అంటుంటాం కదా. చిన్నప్పుడే వంచాలని దాని అర్థం. అడవిలో రెండేళ్లు గడిపిన ఫ్రోబెల్ మొక్కను ఇంకోలా చూశారు. తోటమాలి మొక్కను పట్టి లాగితే అది త్వరగా పెరగదు. వేరు తెగుతుంది. నీళ్లు, వెలుగు, చోటు ఇవ్వడం, కలుపు తీయడం, ఇంతవరకే తోటమాలి పని. పెరగడం మొక్క పని.

ఒక చదరపు కాగితం

బహుమతుల తర్వాత చేతిపనులు వచ్చేవి. మట్టి పని, కాగితం అల్లడం, కత్తిరించడం. వాటిలో ముఖ్యమైనది కాగితం మడతలు. ఖర్చు దాదాపు లేదు. ఎంత పేద ఊళ్లోనైనా నడుస్తుంది.

బ్లాక్స్‌తో ఆడినా, కాగితం మడిచినా ఫ్రోబెల్ మూడు రకాల రూపాలు చూపించేవారు. మొదటిది జీవిత రూపాలు. పడవ, పక్షి, టేబుల్ లాంటివి, అంటే పిల్ల రోజూ చూసేవి. రెండోది అందమైన రూపాలు. నాలుగు మూలలూ ఒకేలా మడిస్తే వచ్చే పువ్వులు, నక్షత్రాలు. మూడోది జ్ఞాన రూపాలు. చదరం సగమైతే ఏమవుతుంది, మూల నుంచి మూలకు మడిస్తే ఏమవుతుంది అన్నవి. ఒకే కాగితం ఇప్పుడు బొమ్మ, ఇప్పుడు ముగ్గు, ఇప్పుడు లెక్క. లెక్కలు వేరే పుస్తకంలో ఉంటాయని పిల్లకు అనిపించదు.

కాగితం మడతలు అనగానే మీకు జపాన్ గుర్తొస్తుంది. నిజమే. ఫ్రోబెల్ అడవిలో పని నేర్చుకోవడానికి వెళ్లిన 1797లోనే జపాన్‌లోని క్యోటోలో కొంగల మడతల మీద ఒక పుస్తకం అచ్చయింది. ఒకే కాగితం నుంచి ఒకదానికొకటి అంటుకుని ఉండే కొంగలను చేసే 49 పద్ధతులు అందులో ఉన్నాయి. ఈ రెండు దారులూ తర్వాత కలిశాయి. 1876లో టోక్యోలోని మహిళా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అనుబంధంగా జపాన్‌లో ఫ్రోబెల్ పద్ధతి కిండర్‌గార్టెన్ మొదలైంది. క్లారా మత్సునో అనే జర్మన్ మహిళ అక్కడ టీచర్లకు మార్గం చూపారు. జపాన్ పిల్లలకు ఇళ్లలో అమ్మమ్మల నుంచి వచ్చిన మడతలు, జర్మనీ నుంచి వచ్చిన మడతలు ఒకే క్లాసులో కలిసిపోయాయి. ఈ రోజు మనం ఒరిగామి అని నేర్పేదాంట్లో ఆ కలయిక కూడా ఉంది.

మనకూ ఒక లింకు ఉంది. 1893లో మద్రాసులో టి. సుందరరావు అనే ఆయన కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే ఇంగ్లిష్ పుస్తకం ప్రచురించారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పట్లో రాజధాని మద్రాసే. కిండర్‌గార్టెన్ కాగితం మడతల సామగ్రి చూశాకే తనకు ఆ ఆలోచన వచ్చిందని ఆయన ముందుమాటలో చెప్పుకున్నారు. ఆ పుస్తకాన్ని జర్మనీలో పెద్ద గణిత శాస్త్రవేత్త ఫెలిక్స్ క్లైన్ ప్రస్తావించారు. 1901లో అమెరికాలో కూడా అచ్చు వేశారు. జర్మనీలో పసిపిల్లల చేతికిచ్చిన చదరపు కాగితం మద్రాసుకు వచ్చి, గణితమై మళ్లీ జర్మనీకి చేరింది.

అమ్మకు పాట, బిడ్డకు మడి

1844లో ఫ్రోబెల్ అమ్మల కోసం ఒక పాటల పుస్తకం తెచ్చారు. పసిబిడ్డ వేళ్లు, చేతులు, కాళ్లు కదిలిస్తూ పాడుకునే పాటలవి. స్వరాలు రాబర్ట్ కోల్ కట్టారు, బొమ్మలు ఫ్రెడరిక్ ఉంగర్ వేశారు. ఒక్కో పాటకు ఒక చేతి ఆట, ఒక బొమ్మ, అమ్మకు నాలుగు మాటలు. సంగీతంలో పిల్లలను ఘనులను చేయాలని కాదు. పాట పాడేటప్పుడు అమ్మ బిడ్డ ముఖంలోకి చూస్తుంది. బిడ్డ అమ్మ నోటిని, చేతిని చూసి అనుసరిస్తుంది. మాట, తాళం, లెక్క, ప్రేమ అన్నీ ఒకేసారి అందుతాయి. అమ్మ ముఖం గుర్తులేని మనిషి అమ్మల కోసం రాసిన పుస్తకం అది.

మన అమ్మమ్మలు, నాయనమ్మలు బుజ్జాయి చిటికెన వేలు పట్టుకుని ఒక్కో వేలికీ ఒక్కో పేరు చెప్పి, చివరికి చక్కిలిగింత పెట్టే ఆట గుర్తుందా? ఫ్రోబెల్ పల్లె తల్లుల దగ్గర అలాంటివే చూశారు. వాటిని చిన్నచూపు చూడకుండా, ఇదే మొదటి పాఠం అని గుర్తించారు.

ఇక తోట. పేరులో మాత్రమే కాదు, కిండర్‌గార్టెన్‌లో నిజంగానే తోట ఉండాలని ఆయన పట్టుబట్టారు. ప్రతి పిల్లకూ తనకంటూ ఒక చిన్న మడి. అందులో తనకిష్టమైన మొక్క వేసుకోవచ్చు. నీళ్లు పోయకపోతే అది వాడిపోతుంది, ఆ బాధ తనదే. వాటి చుట్టూ అందరిదీ అయిన పెద్ద మడులు, పూలకు, కూరగాయలకు. అక్కడ పని అందరూ కలిసి చేయాలి. నాది, మనది అనే రెండు మాటల తేడా మూడేళ్ల పిల్లకు ఉపన్యాసంతో అర్థం కాదు. రెండు మడుల్లో నీళ్లు పోస్తే అర్థమవుతుంది. ఈ రోజు మనం పర్యావరణం అని ప్రాజెక్టు వర్కు ఇస్తున్నాం. ఆయన నీళ్ల డబ్బా ఇచ్చారు.

ముసలి పిచ్చివాడు అన్నారు

1849లో ఫ్రోబెల్ బాడ్ లీబెన్‌స్టైన్ అనే ఊళ్లో ఉన్నారు. వయసు 67. అమ్మాయిలకు కిండర్‌గార్టెన్ టీచర్లుగా శిక్షణ ఇచ్చేవారు. ఆడవాళ్లకు టీచరు ఉద్యోగం అరుదైన రోజులవి. సాయంత్రం పూట ఊళ్లో చెప్పుల్లేని పిల్లలను వెంటేసుకుని కొండ మీదికి పోయి, వాళ్లతో గుండ్రంగా చేతులు పట్టుకుని పాడుతూ ఆడేవారు. ఊళ్లోవాళ్లు ఆయన్ను ముసలి పిచ్చివాడు అనుకునేవారు. ఆ ఊరికి విశ్రాంతి కోసం వచ్చిన బెర్తా ఫాన్ మారెన్‌హోల్ట్స్ బ్యూలో అనే గొప్పింటి మహిళ ఆ మాట విని, ఆ పిచ్చేంటో చూద్దామని వెళ్లారు. కాసేపు నిలబడి చూశారు. ఆ రోజు నుంచి ఆయన పనిని తన పనిగా చేసుకున్నారు.

అంతా కుదుటపడుతోంది అనుకునే సమయానికి దెబ్బ తగిలింది. 1851 ఆగస్టు 7న ప్రష్యా ప్రభుత్వం తన రాజ్యంలో కిండర్‌గార్టెన్‌లను నిషేధించింది. అవి పిల్లలకు నాస్తికత్వం, సోషలిజం నేర్పుతున్నాయని విద్యామంత్రి ఫాన్ రౌమర్ ఆరోపణ. దీనికి ఒక కారణం పేరులో పొరపాటు. ఆడపిల్లల పై చదువుల గురించి, కిండర్‌గార్టెన్‌ల గురించి కార్ల్ ఫ్రోబెల్ ఒక చిన్న పుస్తకం రాశారు. అందులోని భావాలు ప్రభుత్వానికి నచ్చలేదు. ఆ కార్ల్ ఎవరో కాదు. ఉద్యోగం వదులుకుని మరీ మన మాస్టారు మొదటి బడిలో చదివించిన ఐదుగురిలో ఒకరు. అన్న కొడుకు రాసిన పుస్తకం బాబాయి మెడకు చుట్టుకుంది.

ఆ రాసింది నేను కాదని, నేను పాస్టర్ కొడుకునని, నా బడిలో దైవభక్తి ఉందని ఫ్రోబెల్ ఎన్ని విధాలుగా విన్నవించుకున్నా ఆ ఉత్తర్వు మారలేదు. ఆయన ఉంటున్న మారియెంథాల్ ప్రష్యా బయట ఉంది కాబట్టి ఆయన శిక్షణ సంస్థ ఆగలేదు. కానీ జర్మనీలో అతి పెద్ద రాజ్యంలో తలుపులు మూసుకుపోయాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 70వ పుట్టినరోజును పిల్లలు, శిష్యులు పాటలతో జరిపారు. తర్వాత గోథాలో జరిగిన ఉపాధ్యాయుల మహాసభకు ఆయన వెళ్తే, లోపలికి అడుగుపెట్టగానే సభంతా లేచి నిలబడింది. కొన్ని వారాలకే, 1852 జూన్ 21న ఆయన కన్నుమూశారు. నిషేధం అలాగే ఉంది. ష్వైనా ఊళ్లో ఆయన సమాధి మీద ఘనం, స్తూపం, గోళం ఒకదానిపై ఒకటి రాతిలో నిలబెట్టారు. ఆయన రెండో బహుమతి అది.

ఆ తర్వాత

నిషేధం 1860లో ఎత్తేశారు. దానికోసం బెర్తా ఏళ్ల తరబడి తిరిగారు. అప్పటికే ఆయన దగ్గర, ఆయన శిష్యుల దగ్గర నేర్చుకున్న మహిళలు దేశాలు దాటారు. 1856లో అమెరికాలోని వాటర్‌టౌన్‌లో మార్గరెట్ షుర్జ్ తన ఇంట్లో జర్మన్ మాట్లాడే పిల్లలకు కిండర్‌గార్టెన్ మొదలుపెట్టారు. 1860లో బోస్టన్‌లో ఎలిజబెత్ పీబాడీ ఇంగ్లిష్ పిల్లలకు మొదలుపెట్టారు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఫ్రోబెల్ బ్లాక్స్ చూసి ఒక అమ్మ తన కొడుక్కి కొనిపెట్టింది. ఆ పిల్లవాడే ప్రపంచ ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆ మేపుల్ చెక్కముక్కలు తన వేళ్లలోనే ఉండిపోయాయని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవారు.

ఆయన పెట్టిన పేరు మన ఊళ్ల దాకా వచ్చింది. పేరుతో పాటు రావాల్సిన తోట అన్నిచోట్లా వచ్చిందా అంటే మీరూ నేనూ జవాబు వెతుక్కోవాలి. పేరెంట్స్ మీటింగ్‌లో ఎల్‌కేజీ తల్లిదండ్రుల దగ్గర ఎక్కువగా వినిపించే ప్రశ్న, రాయడం ఎప్పుడు వస్తుంది అని. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కష్టపడి ఫీజు కడుతున్నారు, పక్కింటి పిల్ల అప్పుడే పదాలు రాస్తోంది, కంగారు సహజం. కానీ కాగితం అంచుకు అంచు కలిపి మడవాలంటే కళ్లు, వేళ్లు, ఓపిక మూడూ కుదరాలి. పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సినవీ అవే. కాబట్టి మీ బిడ్డ స్కూలు నుంచి మడిచిన కాగితం తెస్తే, ఈ రోజు ఏమీ చెప్పలేదా అనుకోకండి. ఆ రోజు చెప్పింది అదే.

ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించండి. పాత నోట్‌బుక్ పేజీ తీసుకుని, పొట్టి అంచును పొడుగు అంచుకు కలిపి మడిచి, మిగిలిన పట్టీ చింపేయండి. చదరం వస్తుంది. అలాంటివి రెండు చేయండి. ఒకదాన్ని అంచుకు అంచు కలిపి సగానికి మడవండి, రెండోదాన్ని మూలకు మూల కలిపి మడవండి. ఒకటి పొడుగ్గా, ఒకటి త్రిభుజంగా వస్తాయి. ఏది పెద్దది అని పిల్లలను అడగండి. జవాబు మీరు చెప్పొద్దు. రెండూ ఒకే సైజు కాగితంలో సగమేనని వాళ్లే విప్పి, మళ్లీ మడిచి కనిపెడతారు. దానికి ఎంతసేపు పట్టినా పట్టనివ్వండి. అమ్మమ్మో నాయనమ్మో ఇంట్లో ఉంటే వేళ్ల ఆటపాట ఒకటి నేర్పమనండి. అపార్ట్‌మెంట్ అయినా సరే, బాల్కనీలో ఒక చిన్న డబ్బాలో నాలుగు మెంతులు చల్లి, నీళ్లు పోసే బాధ్యత పూర్తిగా పిల్లలకే ఇవ్వండి. మీరు గుర్తుచేయొచ్చు, పోయొద్దు.

మడిచిన కాగితాలు సోమవారం డైరీలో పెట్టి పంపండి. పేరు రాసి, క్లాసు గోడకు అంటిద్దాం.